రాసిన డాక్టరు చూడొద్దా?

'డాక్టర్ పర్యవేక్షణలో బరువు తగ్గిస్తాం' అన్న బోర్డులు మన నగరాల్లో ఇప్పుడు కొత్త కాదు. లోపలికి వెళితే బరువు చూస్తారు, నడుం కొలుస్తారు, 12 వారాల ప్యాకేజీకి డబ్బు కట్టించుకుంటారు. భోజనానికి బదులు తాగాల్సిన పౌడర్ డబ్బాలతో పాటు, రోజుకు 800 కేలరీలు దాటకూడదని రాసిన ఒక ప్రింటెడ్ చార్టు చేతిలో పెడతారు. దాని కింద డాక్టరు సంతకం ఉంటుంది. ఆ తర్వాత ఆ డాక్టరు మళ్లీ కనిపించరు. వారానికోసారి ఫోన్ వస్తుంది: 'ఎన్ని కిలోలు తగ్గారు?' బీపీ ఎంతుందని, షుగర్ మాత్రలు ఇంకా పాత మోతాదులోనే వేసుకుంటున్నారా అని అడిగే దిక్కు ఉండదు. అన్ని చోట్లా ఇలాగే ఉందని మేం అనడం లేదు. ఇలా నడుస్తున్నవి కొన్ని ఉన్నా అది ప్రాణాలతో చెలగాటమే.

రోజుకు 800 కేలరీలంటే ఏమిటో మొదట తెలియాలి. హోటల్లో ఒక ఫుల్ ప్లేటు బిర్యానీతో అయిపోయే లెక్క అది. దాన్ని రోజు మొత్తానికి, వారాల తరబడి సర్దుకోవాలి. దీన్ని డైట్ అని పిలవడంతోనే సగం ప్రమాదం మొదలవుతోంది. ఇది వైద్యం. లంఖణం పరమౌషధం అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఔషధం అన్నాక మోతాదు ఉంటుంది, గడువు ఉంటుంది, పడనివాళ్లు ఉంటారు, ఇచ్చినవాళ్లకు బాధ్యత ఉంటుంది. ఏకాదశి ఉపవాసం ద్వాదశి పొద్దున్నే ముగుస్తుంది. ఇది మూడు నెలలు సాగుతుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ కూడా దీన్ని 12 వారాలు దాటనివ్వొద్దని, అదీ వైద్య సిబ్బంది వెంట ఉండి నడిపించాలని చెబుతోంది.

ఈ పద్ధతి పనిచేస్తుంది కదా అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట నిజమే. బ్రిటన్‌లో 'డైరెక్ట్' పేరుతో షుగర్ పేషెంట్ల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 2017 చివర్లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. రోజుకు 825 నుంచి 853 కేలరీలతో మూడు నుంచి ఐదు నెలలు గడిపినవాళ్లలో ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో అది 4 శాతమే. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. ఇలాంటి వైద్యం మన జనానికి వద్దని మేం అనం.

కానీ ఆ 46 శాతాన్ని కరపత్రాల మీద అచ్చేసుకుంటున్నవాళ్లు మిగతా కథ చెప్పడం లేదు. ఆ ట్రయల్‌లో ఇన్సులిన్ వాడేవాళ్లను అసలు చేర్చుకోలేదు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లనూ, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లనూ తీసుకోలేదు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మొదటి రోజే ఆపించి, అవసరమైతే మళ్లీ మొదలుపెట్టారు. మొదటి వారం తర్వాత ఒకసారి, ఆపైన రెండు వారాలకోసారి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చూశారు. మామూలు భోజనానికి తీసుకురావడానికే వారాల సమయం పట్టింది, ఆ తర్వాత కూడా నెలనెలా పిలిచి చూశారు. ఇంత చేసినా రెండో ఏడాదికి ఆ 46 శాతం 36కి తగ్గింది. ఆ ఫలితం ఒక్క పౌడర్ వల్ల రాలేదు, పౌడర్ ఇచ్చినవాళ్లు చివరిదాకా కనిపెట్టుకుని ఉండటం వల్ల కూడా వచ్చింది. మన దగ్గర పౌడర్ తెచ్చుకున్నాం, ఆ కనిపెట్టుకుని ఉండటాన్ని అక్కడే వదిలేశాం.

మమ్మల్ని అన్నింటికంటే భయపెడుతున్నది మాత్రల సంగతి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు మన ఊళ్లలో ఇంటింటా ఉన్నాయి. రోజూ అన్నం తినే మనిషికి రాసిన మోతాదు అది. తిండి సగానికంటే తగ్గించి అదే మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, మనిషి స్పృహ తప్పుతాడు. నిద్రలో జరిగితే పక్కవాళ్లకు కూడా తెలియదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలది ఇంకో ప్రమాదం. పేటెంట్ గడువు తీరి ఇవి చౌకయ్యాయి, వాడకం పెరిగింది. ఇవి వాడుతూ పిండిపదార్థాలు బాగా తగ్గించేస్తే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు రక్తంలో పెరిగిపోయి ప్రాణం మీదకు తేవచ్చు. గ్లూకోమీటర్ మాత్రం 180 చూపిస్తుంటుంది. వాంతులవుతున్నా, ఆయాసం వస్తున్నా 'షుగర్ బాగానే ఉందిగా, గ్యాస్ అయ్యుంటుంది' అని ఇంట్లోవాళ్లు సోడా తాగిస్తారు. దీన్ని ముందే ఊహించి మాత్ర ఆపించాల్సింది ఎవరు? చార్టు మీద సంతకం పెట్టినవాళ్లు కాదా?

డాక్టరు పేరుంటే చాలు, క్షేమమే అనుకోవడానికి వీల్లేదని అమెరికా 1970ల చివర్లోనే చూసింది. పశువుల చర్మాల నుంచి, స్నాయువుల నుంచి తీసిన ప్రోటీన్ ద్రవాన్నే తాగుతూ బరువు తగ్గే పిచ్చి అక్కడ పట్టుకుంది. సుమారు 60 మరణాలు లెక్కకు వచ్చాయి. చాలా నెలలు దాని మీదే ఉన్నవాళ్లలో గుండె లయ తప్పి ఉన్నట్టుండి ప్రాణం పోయిన కేసులను డాక్టర్లు విడిగా పరిశీలించారు. చనిపోయినవాళ్లలో కొందరు డాక్టరు చెప్పిన ప్రకారమే ఆ డైట్ చేస్తున్నవాళ్లు. ఆ తర్వాత గానీ అలాంటి డబ్బాల మీద ప్రాణాపాయ హెచ్చరిక ముద్రించడం అక్కడ తప్పనిసరి కాలేదు. ఇప్పటి వైద్య ఫార్ములాలు అలాంటివి కావు, మంచి ప్రోటీన్, విటమిన్లు, ఖనిజాలు లెక్కగా కలిపినవి. అందుకే, ఖరీదు ఎక్కువని సగం ప్యాకెట్లు మానేసి రాగి జావ, పలుచని మజ్జిగతో నెట్టుకొచ్చేవాళ్లు తమకు తెలియకుండానే ఆ పాత ప్రమాదం వైపు నడుస్తున్నారు. ఈ మాట చెప్పి ఆపడానికి కూడా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు పట్టేయవచ్చు. మలబద్ధకం, కళ్లు తిరగడం, మూడు నెలలకు జుట్టు ఊడటం సరేసరి. డైట్ ముగిసిన రోజున పండగలా విందు చేసుకోవడం మరో తప్పు. బాగా చిక్కిన ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థాలు వెళితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, తిండి విషయంలో మానసిక సమస్య ఉన్నవాళ్లు దీని జోలికే పోకూడదు.

ఇక వాట్సాప్. బావగారికి రాసిచ్చిన చార్టు మరదలికి, ఆమె నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపుకి చేరుతోంది. కొన్నేళ్ల కిందట కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్ల డైట్ రెండు రాష్ట్రాలనూ ఊపేసినప్పుడు కూడా ఇదే చూశాం. అప్పుడు డాక్టర్లు టీవీల్లో కూర్చుని, పర్యవేక్షణ లేకుండా ఇలాంటివి చేయకూడదని గట్టిగా చెప్పారు. మంచి మాట చెప్పారు. ఇప్పుడు పర్యవేక్షణ అన్న పదాన్నే బోర్డు మీద రాసుకుని, అది లేకుండా నడుపుతున్నది వైద్య రంగంలోనివాళ్లే. బయటివాళ్లకు పెట్టిన షరతు తమకు వర్తించదా?

చట్టాలు లేక కాదు. అభ్యంతరకర ప్రకటనలపై 1954లో తెచ్చిన చట్టంలో, నయం చేస్తామని ప్రకటించుకోకూడని జబ్బుల జాబితాలో మధుమేహం, ఊబకాయం రెండూ ఉన్నాయి. ఆహార ప్రకటనలకు 2018 నిబంధనలున్నాయి. వైద్య అవసరాల కోసం చేసిన ఆహారాన్ని వైద్య సలహాతోనే వాడాలని డబ్బా మీద రాయాలి కూడా. అదంతా డబ్బా గురించి, ప్రకటన గురించి. రాసిచ్చాక మనిషిని ఎవరు చూడాలి, ఎన్ని రోజులకోసారి చూడాలి అన్నది రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలూ వెంటనే తేల్చి చెప్పాలి. ఇదేమీ మోయలేని ఖర్చు కాదు. బ్రిటన్‌లో ఆ ట్రయల్‌ను నడిపింది పెద్ద ఆస్పత్రుల స్పెషలిస్టులు కాదు, మామూలు క్లినిక్‌లలో శిక్షణ పొందిన నర్సులు, డైటీషియన్లు. మన బస్తీ దవాఖానాల్లో, పీహెచ్‌సీల్లో ఆ శిక్షణ ఇవ్వలేమా?

అంతవరకూ పాఠకులు డబ్బు కట్టేముందే అడగండి. నేను వాడే ప్రతి మాత్ర చూశారా, ఏది ఆపాలి, ఏది తగ్గించాలి? ఈసీజీ, పొటాషియం, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ చూశారా? మళ్లీ ఎప్పుడు, ఎవరు చూస్తారు? మామూలు భోజనానికి ఎలా తెస్తారు? గుండె దడ, స్పృహ తప్పడం, ఆగని వాంతులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం వస్తే వారం ఫోన్ కోసం ఆగకండి, ఎమర్జెన్సీకి వెళ్లండి. ఏ డైట్‌లో ఉన్నారో, ఏ మాత్రలు వాడుతున్నారో అక్కడ చెప్పండి.

డాక్టర్లకు, ఆస్పత్రి యాజమాన్యాలకు ఒక మాట. రాత్రి పదకొండుకు మీ పేషెంటుకు కళ్లు తిరిగితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో, ఎత్తేది ఎవరో ఆ చార్టు మీద రాయండి. అది రాయలేనివాళ్లు ఆ చార్టు ఇవ్వకండి, కట్టించుకున్న ప్యాకేజీ డబ్బు తిరిగి ఇచ్చేయండి.