పాత డీజిల్ కారుని భయపడి అమ్మేయకండి

మూసాపేటలో మా ఇంటి కింద కిరాణా షాపు నడిపే అన్న నిన్న ఫోన్ నా చేతికిచ్చి, "తమ్ముడూ, ఇది నిజమేనా?" అని అడిగాడు. కాలనీ గ్రూపులన్నిట్లో తిరుగుతున్న మెసేజే అది. 2030 నుంచి పెట్రోల్, డీజిల్ బండ్లు బంద్ అట. పదేళ్లు దాటిన డీజిల్ కార్లని హైదరాబాద్‌లోనూ సీజ్ చేస్తారట. యూరప్ మాత్రం వెనక్కి తగ్గిందట. కరెంటు కార్లతో కాలుష్యమేమీ తగ్గదట, ఆ కరెంటూ బొగ్గుదేనట.

అన్నది 2016లో కొన్న డీజిల్ కారు. ఒక బ్రోకర్ ఇదే మెసేజ్ చూపించి, వచ్చిన కాడికి ఇచ్చేయమని వెంటపడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది అందుకే.

పదేళ్ల డీజిల్ నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్‌ది. 2015లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ మొదలుపెట్టింది, 2018లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 2025 జూలైలో అక్కడ పాత బండ్లకి పెట్రోల్, డీజిల్ పోయొద్దన్నారు. జనం గోల చేసేసరికి కొద్దిరోజుల్లోనే ఆపేశారు. తెలంగాణలో అలాంటి నిబంధనే లేదు. అన్న ఆర్సీ తీయించి చూపించాను, వాలిడిటీ 2031 దాకా ఉంది. ఆ తర్వాత కూడా ఫిట్‌నెస్ చేయించి గ్రీన్ ట్యాక్స్ కడితే ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ చేస్తారు.

2030 మాట 2017లో అప్పటి కేంద్ర విద్యుత్ మంత్రి పీయూష్ గోయల్ అన్నది. చట్టం కాలేదు. యూరప్ గొడవ కూడా 2035 తర్వాత అమ్మే కొత్త కార్ల గురించే, రోడ్డు మీదున్న వాటి గురించి కాదు. 2025 డిసెంబర్‌లో, ఆ కొత్త కార్ల కార్బన్ డయాక్సైడ్ ఎంత తగ్గాలన్న లక్ష్యాన్ని నూరు శాతం నుంచి 90కి దించుదామని యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించింది, అంతే.

ఇక బొగ్గు. లీటరు పెట్రోల్ మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే కారుకి, వంద కిలోమీటర్లకి 15 కిలోల పైనే. అదే దూరానికి కరెంటు కారుకి 15 యూనిట్లు పడితే, యూనిట్‌కి 0.7 కిలోల లెక్కన పది, పదకొండు కిలోలు. లీటరుకి 20 ఇచ్చే చిన్న కారుతో పోలిస్తే తేడా చాలా తక్కువ, బ్యాటరీ తయారీ లెక్కా ఉంది, ఒప్పుకుంటాను. కానీ గ్రిడ్‌లో సోలార్ పెరిగేకొద్దీ కరెంటు కారు లెక్క తగ్గుతుంది, పెట్రోల్ కారుది తగ్గదు. సాయంత్రం పంజాగుట్ట సిగ్నల్ దగ్గర స్కూటర్ ముందు నిలబడ్డ చిన్నపిల్ల పీల్చేది సైలెన్సర్ పొగ. రామగుండం బొగ్గు ప్లాంటు చిమ్నీ పొగ అక్కడివాళ్లు పీలుస్తున్నారు, అదీ తగ్గాల్సిందే.

మన రాష్ట్రంలో నిజంగా ఉన్నది రాయితీ. 2024 నవంబర్ పాలసీతో ఎలక్ట్రిక్ బండ్లకి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. కావాలనుకున్నవాళ్లు కొనుక్కోవచ్చు.

అన్న నా ముందే బ్రోకర్‌కి ఫోన్ చేసి, కారు అమ్మట్లేదని చెప్పేశాడు.