ఇంటిపేరు గడిలో తండ్రి పేరా?

బడుల్లో ప్రవేశాల కాలం వస్తే చాలు, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోని తెలుగు ఇళ్లకు పాత బెడద మళ్లీ మొదలు. దరఖాస్తులో మూడు గడులుంటాయి: విద్యార్థి పేరు, తండ్రి పేరు, ఆడనావ్ (మరాఠీలో ఇంటిపేరు). మనవాళ్ల అలవాటు ప్రకారం తండ్రి తన పేరు ‘దుర్గం పోచయ్య’ అని చెబుతాడు. చివర వచ్చేదే ఆడనావ్ అనుకున్న గుమాస్తా పోచయ్యను మూడో గడిలో, దుర్గాన్ని తండ్రి గడిలో రాసేస్తాడు. పిల్లవాడు ‘రాజు దుర్గం పోచయ్య’ అయిపోతాడు. రేపు ఈ రాజు కొడుకు బడిలో చేరితే వాడి ఆడనావ్ రాజు!

దీన్ని చిన్న రాతపొరపాటని కొట్టిపారేయడం అన్యాయం. తండ్రి పేరు తరంతో మారుతుంది, ఇంటిపేరు తరాలను కలుపుతుంది. ఐస్‌లాండ్‌లో తండ్రి పేరుకు కొడుకు, కూతురు అనే మాటలు చేర్చి చివరి పేరుగా రాసుకుంటారు. తాతకూ మనవడికీ అది కలవకపోయినా అక్కడ ఇబ్బంది లేదు, దస్తావేజులన్నీ ఆ లెక్కతోనే నడుస్తాయి. తమిళుల ఇనిషియల్ సాధారణంగా తండ్రిది. మనది ఇంటిది. పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్లు ముందుగా అడిగేది దాన్నే.

మహారాష్ట్రలో తాతను చూపించకుండా పని జరగదు. కుల ధ్రువపత్రం సరైనదేనని తేల్చే కుల వ్యాలిడిటీకి ఎస్సీలైతే 1950 ఆగస్టు 10కి, ఓబీసీలైతే 1967 అక్టోబర్ 13కి ముందునాటి కుటుంబ కాగితాలే బలమైన ఆధారం. రుజువు భారం దరఖాస్తుదారుడిదే. తాత కాగితంలో దుర్గం, మనవడి కాగితంలో పోచయ్య ఉంటే వీళ్లది ఒకే కుటుంబమని ఎవరు ఒప్పుకుంటారు?

నియమం అందరికీ ఒకటేనని, కంప్యూటర్‌కు మూడు గడులే తెలుసని అధికారులు అంటారు. కొత్త గడి మేమూ అడగడం లేదు, ఉన్నదాన్ని సరిగా నింపమంటున్నాం. తండ్రి పేరు వేరు, ఆడనావ్ వేరు అని మరాఠీ సమాజానికి ఒకరు చెప్పాలా? వాళ్ల పేర్లలోనే ఆ రెండూ విడివిడిగా ఉన్నాయి. 2024 మే 1 నుంచి పుట్టిన పిల్లల పేరులో తండ్రి కంటే ముందు తల్లి పేరు రాయాలని నిర్ణయించింది కూడా ఈ ప్రభుత్వమే. తన పిల్లల పేర్ల విషయంలో ఇంత పట్టింపు ఉన్న రాష్ట్రానికి ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ పిల్లలు పరాయివాళ్లయ్యారా?

తప్పు రాసింది బడి, దిద్దించుకోవలసింది మాత్రం కూలి మానుకుని 200 కిలోమీటర్లకు పైగా ఉన్న గడ్చిరోలి దాకా తిరిగే తండ్రి. రాసినవారే ఖర్చు లేకుండా దిద్దాలి. ‘మీ ఇంటిపేరు ఏది?’ అని అడగడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం కూడా ఇవ్వని కార్యాలయాలకు, పదిహేనేళ్ల తర్వాత అదే పిల్లవాడి ముఖాన ‘పేర్లు కలవడం లేదు’ అని కాగితం విసిరే హక్కు ఎక్కడిది?