మూడు రెట్లు సరే, దేనికి మూడు రెట్లు?

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో తల్లికో తండ్రికో ఆల్జీమర్స్ అని తేలగానే పిల్లలకు కలిగే మొదటి సందేహం, అది తమకూ వస్తుందా అన్నది. లాలాజలం నమూనా పంపితే జన్యు నివేదిక చేతికిచ్చే సేవలు వచ్చాక ఆ సందేహానికి ఒక ధర కూడా ఏర్పడింది. లక్షణాలేవీ లేనివారికి ఆ నివేదిక వల్ల ఒరిగేది చాలా తక్కువని నా అభిప్రాయం.

తప్పించుకోవడం దాదాపు అసాధ్యమైన వంశపారంపర్య ఆల్జీమర్స్ ఉన్నమాట నిజమే. ఏపీపీ, ప్రెసెనిలిన్-1, ప్రెసెనిలిన్-2 జన్యువుల్లో ఒకదానిలో మార్పు ఉన్న కుటుంబాల్లో నలభై, యాభై ఏళ్లకే జ్ఞాపకశక్తి దెబ్బతినడం మొదలవుతుంది. అయితే మొత్తం రోగుల్లో వీరు నూటికి ఒక్కరు కూడా ఉండరు. మలివయసులో వచ్చే ఆల్జీమర్స్ విషయంలో ప్రధానంగా చెప్పుకోవలసింది 19వ క్రోమోజోమ్‌పై ఉండే అపోఈ జన్యువు గురించి. దీని ఎప్సిలాన్-4 రూపం ఉన్నవారి మెదడులో అమిలాయిడ్ ప్రోటీన్ తొలగిపోవడం మందగిస్తుంది. ఆ ప్రోటీన్ పేరుకోవడం మతిమరుపు బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే ఆరంభమవుతుంది. ఆ తరువాత నాడీకణాల లోపల టావ్ ప్రోటీన్ చిక్కుపడి, జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్ క్రమంగా కుంచించుకుపోతుంది.

ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా రెండు ప్రతుల్లో వస్తుంది; ఎప్సిలాన్-4 ఒక ప్రతి ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండు ప్రతులుంటే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు అని చెబుతారు. ఈ అంకెలు ఎక్కువగా ఐరోపా సంతతివారిని పరిశీలించి తేల్చినవి. పైగా రెట్లు అన్నప్పుడు దేనికి రెట్లన్నది తెలియాలి. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలను అమెరికాలోని పెన్సిల్వేనియా ప్రాంతంతో పోల్చిన అధ్యయనంలో, ఆ జన్యురూపానికీ వ్యాధికీ ఉన్న సంబంధం రెండుచోట్లా ఒకేలా కనిపించినా, బల్లభ్‌గఢ్‌లో ఆ రూపమూ తక్కువే, వ్యాధీ తక్కువే. అంటే గుణకం ఒకటే అయినా గుణించవలసిన మూలసంఖ్య, అంటే ఆ జన్యురూపం లేనివారికి ఉండే మామూలు ముప్పు, వేరు. బెంగళూరులోని మధ్యతరగతి తెలుగువారికి ఆ మూలసంఖ్య ఎంతో నివేదిక ఇచ్చే సంస్థ చెప్పదు.

ఆ లోటు తీర్చగల ప్రయత్నం ఈ నగరం నుంచే జరుగుతోంది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో నలభై ఐదేళ్లు దాటిన గ్రామీణులను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వారి రక్తం, మెదడు స్కాన్లు, జన్యు వివరాలు సేకరిస్తోంది. మామిడికి పేరుపడ్డ ఆ తాలూకా ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉంది, అక్కడ తెలుగు మాట్లాడేవారు చాలామంది. మన లెక్క ఎక్కడైనా తేలితే ఇలాంటి చోటే తేలాలి.

ఈలోగా చేయదగినదంతా జన్యువుల వెలుపలే ఉంది. వృద్ధుల మెదడులో చాలా సందర్భాల్లో అమిలాయిడ్‌తో పాటు చిన్న రక్తనాళాల దెబ్బ కూడా కనిపిస్తుంది. రక్తపోటు, మధుమేహం అదుపు తప్పితే ఆ దెబ్బ పెరుగుతుంది. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల బృందం (లాన్సెట్ కమిషన్) 2024లో, వినికిడి లోపం, అధిక కొలెస్ట్రాల్ సహా 14 అంశాలను సరిదిద్దగలిగితే సుమారు 45 శాతం డిమెన్షియాను (ఆల్జీమర్స్ సహా మతి క్షీణించే జబ్బులను) నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి లక్షణాలు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడే మనవాళ్లు దీన్ని తాయెత్తుగా భావించకూడదు. అక్కడ తేలింది ఆలస్యమే, రక్షణ కాదు.

అపోఈ పరీక్ష నిజంగా అక్కరకు వచ్చే సందర్భం ఒకటుంది. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ మందు ప్రయోగాల్లో, ఎప్సిలాన్-4 లేనివారిలో సుమారు 5 శాతం మందికి మెదడులో వాపు కనిపించగా, రెండు ప్రతులున్నవారిలో అది 32 శాతం దాటింది. అందువల్ల ఆ మందు మొదలుపెట్టే ముందు జన్యురూపం తెలుసుకోవడం వైద్యుడికీ రోగికీ అవసరం.