కాస్త ఆగండి, ఇంకొకటి వస్తోంది

చేతిలో ఇమిడే గేమింగ్ యంత్రం ఒకటి కొనుక్కుని చిన్నప్పటి ఆటలు మళ్లీ ఆడుకోవాలనిపించడం తప్పేమీ కాదు. తప్పల్లా ఆ కోరికను పైకి చెప్పడంలోనే ఉంది. చెప్పిన మరుక్షణం ఒక నిపుణుడు ప్రత్యక్షమవుతాడు. మీ ముఖంలోకి జాలిగా చూసి, "కాస్త ఆగండి, వచ్చే నెల ఇంకొకటి వస్తోంది" అంటాడు. ఈ వాక్యం మీరూ వినే ఉంటారు. నాకు తెలిసి దీన్ని విన్నవాళ్లంతా ఇంకా ఆగే ఉన్నారు. కొందరికి ఈలోగా పెళ్లిళ్లయ్యాయి, కొందరికి చత్వారం వచ్చింది.

ఈ సలహాలో అబద్ధం లేదు, అదే దాని దుర్మార్గం. వచ్చే నెల నిజంగానే ఇంకొకటి వస్తుంది. షెన్‌జెన్‌లోని అన్‌బెర్నిక్ అనే కంపెనీ సంగతే చూడండి. 2023 చివర్లో హెచ్700 అనే చిప్‌తో ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ ప్లస్‌ను వదిలింది. తర్వాత అదే చిప్‌ను అడ్డంగా పట్టుకునే పెట్టెలో పెట్టి హెచ్ అంది, మడతపెట్టే పెట్టెలో పెట్టి ఎస్‌పీ అంది. తెర కుదించి 28 అంది, పెంచి 40 అంది, చతురస్రం చేసి క్యూబ్ అంది. ఆ తర్వాత 34 వచ్చింది. దాన్నీ మడతపెట్టారు. ఆత్మ ఒక్కటే, దేహాలు వేరని మన పెద్దలు ఎన్ని శతాబ్దాలు చెప్పినా నాకు తలకెక్కలేదు. ఒక ఫ్యాక్టరీ రెండేళ్లలో నిరూపించి చూపింది.

అయితే 34కు ఒక తాత్విక కారణం ఉంది, అన్యాయంగా మాట్లాడకూడదు. 2001లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే నింటెండో కంపెనీ చేతి యంత్రం తెర 240 పిక్సెళ్ల వెడల్పు, 160 ఎత్తు. దాని ఆటలను 35 రకం యంత్రంలోని 640, 480 తెర మీద వెడల్పంతా పరిస్తే లెక్క సరిపోదు. ఒక్కొక్క పిక్సెల్‌కు రెండున్నర పైచిలుకు చుక్కలు వస్తాయి. చుక్కను విరగ్గొట్టలేం కనుక ఒకదానికి మూడు, పక్కదానికి రెండు. దాంతో నడుస్తున్న బొమ్మ ఒక అడుగులో లావెక్కి మరో అడుగులో చిక్కుతుంది. 34 తెర 720, 480. సరిగ్గా మూడింతలు, శేషం సున్నా. ఈ ఎనభై పిక్సెళ్ల కోసం ఇంకో యంత్రం కొన్న పెద్దమనుషులు నాకు తెలుసు. సొంత ఇంటి రిజిస్ట్రేషన్‌లో ఎనభై గజాల తేడా వచ్చినా వాళ్లు ఇంత కలత చెందలేదు.

మా సలహాదారుగారు ఆ కోవకు చెందినవారు. ఒక ఆదివారం వారింటికి వెళ్లి, "మీ దగ్గర ఇన్ని ఉన్నాయి కదండీ, ఏదో ఒకదాంట్లో కాంట్రా, అదే ఆ పాత తుపాకుల ఆట, చూపించండి, ఆడి చూసి కొంటాను" అన్నాను.

"తప్పకుండా" అన్నారాయన, ఒక యంత్రం చేతిలోకి తీసుకుంటూ. "ముందు కంపెనీవాడు ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేద్దాం. దాంతో ఆడేవాళ్లు కూడా ఉంటారా అండీ!"

మెమరీ కార్డు బయటికి తీశారు, కంప్యూటర్‌కు తగిలించారు. మ్యూఓఎస్ అనే మరో వ్యవస్థను నెట్ నుంచి దించి, దాని మీద రాశారు. ఈలోగా కాఫీ వచ్చింది. యంత్రం తెరుచుకుంది. వేల ఆటల జాబితా. అయితే కొన్ని ఆటల పక్కన డబ్బా బొమ్మలు, అంటే ఆట అమ్మిన డబ్బా మీది బొమ్మలు, లేవు. డబ్బా బొమ్మ లేని ఆటను ఆయన ఆడరట. ఆ బొమ్మలనూ నెట్ నుంచి దించారు. ఆ తర్వాత ఫిల్టర్ల ఘట్టం. పాత టీవీలో కనిపించినట్టు తెర మీద అడ్డగీతలు రావాలట. చిన్నప్పుడు ఆ గీతలు పోవడానికే కదా టీవీ నెత్తిన చరిచేవాళ్లం! ఇప్పుడవి రావడానికి మూడు రకాల ఫిల్టర్లు. మొదటిదానిలో గీతలు మరీ ముదురు. రెండోదానిలో రంగులు వెలిశాయి. మూడోది చిప్ మీద భారం వేస్తుంది. "భారమైనా ఇదే పెడదాం" అని గంభీరంగా నిర్ణయించారు. నేను అంగీకరించాను. భోజనాల వేళ దాటింది.

చివరికి కాంట్రా తెరుచుకుంది. నాకు నిజంగానే ఒళ్లు పులకరించింది. ఆయన బొటనవేలు పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి కదిలింది. తర్వాత బీ, ఏ. మన తరం ఎక్కాల కంటే ముందు నేర్చుకున్న పాఠం అది. ఆ రహస్య నొక్కులకు ముప్ఫై ప్రాణాలు వచ్చాయి. ఆయన కళ్లు మెరిశాయి. "చూశారా, డి-ప్యాడ్ ఒక్కటంటే ఒక్క నొక్కు తప్పలేదు!" అన్నారు, నాలుగు దిక్కుల మీటను నిమురుతూ. అని, ఆపేశారు. ముప్ఫై ప్రాణాలనూ అలాగే వదిలేసి రెండో యంత్రం అందుకున్నారు, దాని డి-ప్యాడ్ కూడా చూపిద్దామని.

"ఇంతకూ మీరు ఎప్పుడు ఆడతారండీ?" అని అడిగాను.

"సరైనది దొరకాలి కదా" అన్నారు.

ఇక ఆ వేల ఆటల సంగతి. తొంభైల్లో మన ఊళ్ల వీడియో గేమ్ షాపుల్లో గంటకింత అని డబ్బిచ్చి ఆడినవాళ్లకు క్యాసెట్ల మీది అంకెలు గుర్తుండే ఉంటాయి. తొమ్మిది తర్వాత తొమ్మిది, స్టిక్కర్ మీద చోటున్నంత వరకూ తొమ్మిదులే. లోపల నిజంగా ఉన్నవి ఓ పదో ఇరవయ్యో ఆటలు. మిగిలినవన్నీ వాటికే పెట్టిన మారుపేర్లు. అదే వ్యాపారం ఇప్పుడు మెమరీ కార్డు రూపంలో తిరిగొచ్చింది. యంత్రంతో పాటు పదివేల ఆటలు ఉచితం అంటారు. అందులో సగం మీరు చదవలేని భాషల్లో ఉంటాయి, ఒకే ఆట నాలుగు దేశాల ప్రతుల్లో ఉంటుంది. ఆ కార్డు నాసిరకం కనుక కొన్నాళ్లకు మీరు దాచుకున్న ఆటతో సహా పోతుంది. కొనేవారు మొదట చేయాల్సిన పని ఆ కార్డును పక్కన పడేసి మంచిది కొనుక్కోవడం. ఈ వ్యాసంలో నిజంగా పనికొచ్చే సలహా ఇదొక్కటే. అందుకే మధ్యలో దాచాను.

నేను వెళ్లబోతుంటే సలహాదారుగారు ఉన్నట్టుండి నీతిపరులైపోయారు. "అయినా ఆలోచిస్తే, ఇలా కొనకుండా ఆటలు పెట్టుకోవడం దొంగతనమే కదండీ?" అన్నారు.

ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఎమ్యులేటర్, అంటే పాత యంత్రంలా నటించి దాని ఆటలు ఆడించే ప్రోగ్రామ్, దొంగతనం కాదు. సోనీకీ, దాని ప్లేస్టేషన్‌కు ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్‌కూ మధ్య వ్యాజ్యంలో 2000లోనే అమెరికా అప్పీళ్ల కోర్టు ఆ విషయం దాదాపుగా తేల్చేసింది. పేచీ అంతా ఆట ఫైలు మీదే. సరే, ఆట సంగతే మాట్లాడుకుందాం. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 40 కిలోబైట్లు. మీరు ఇంటి గుంపుకు పంపే శుభోదయం బొమ్మలో సగం కూడా ఉండదు. దాన్ని నింటెండోవారు 1993లో మరో పెట్టెకు, 1999లో గేమ్ బాయ్ కలర్‌కు, 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు, 2006లో వీ అనే యంత్రానికి, 2016లో ఒక బుల్లి పెట్టెలో, 2018 నుంచి స్విచ్ అనే యంత్రంలో నెలచందా కింద అమ్ముతూనే ఉన్నారు. అమ్ముకోనివ్వండి, అది వారి ఆట. మార్కెట్లో ఉన్న ఆటను ఎత్తుకుపోయేవాళ్లను నేను వెనకేసుకురావడం లేదు.

కానీ అమ్మని ఆటల మాటేమిటి? వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీసింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం అప్పటికే కొత్తగా అమ్మకంలో లేవు. అదే ఏడాది మార్చి 27న నింటెండో తన 3డీఎస్, వీ యూ అనే యంత్రాల ఆన్‌లైన్ దుకాణాలు మూసేసింది. మూడు మారియో ఆటలను ఒక కట్టగా 2020 సెప్టెంబరులో విడుదల చేసి, 2021 మార్చి 31తో అమ్మకం ఆపేసింది. డిజిటల్‌గానూ అమ్మిన సరుకు అది! గోదాములో స్థలం చాలక కాదు, గడువు తేదీ దాటి పులిసిపోతుందనీ కాదు. తొందరపడి కొంటారని. పోనీ, పరిశోధకులకు గ్రంథాలయాల ద్వారా దూరం నుంచి పాత ఆటలు చూసే వీలు ఇవ్వమని అడిగితే, ఆటల కంపెనీల సంఘం అడ్డుపడింది. 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కుదరదని చెప్పేసింది. ఎందుకట? జనం సరదాగా ఆడేసుకుంటారేమోనన్న భయమట. ఆట ఆడతారేమోనని భయం! తాము అమ్మరు, మరొకరిని దాచనివ్వరు, చదువుకునేవాడికీ చూపించరు. పైగా నీతిపాఠం మనకు!

మన చట్టమూ తమాషాగానే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధంగా మన చేతికి వచ్చిన ప్రోగ్రామ్‌కు రక్షణ కోసం నకలు తీసుకోవచ్చు. చాలా దయ. కానీ తొంభైల్లో వరంగల్లోనో నెల్లూరులోనో ఒక కుర్రవాడు డబ్బు చేతపట్టుకుని వెళ్తే అసలు క్యాసెట్ ఏ కొట్లో దొరికేదో ఎవరైనా చెప్పగలరా? మా చేతికి వచ్చినవి నకళ్లు, ఆడినవి నకళ్లు, మురిసిపోయినవి నకళ్లు. మా వీధుల వైపు కన్నెత్తి చూడనివాళ్లు ముప్ఫై ఏళ్ల తర్వాత మమ్మల్ని దొంగలనడమా!

అమెరికా చట్టం ప్రకారం కంపెనీ పేరిట ఉన్న రచనకు రక్షణ ప్రచురించిన నాటి నుంచి 95 ఏళ్లు. అంటే 1985 నాటి ఆట జనం సొత్తయ్యేది 2081 జనవరి ఒకటిన. ఆ లెక్కన ఆగమని చెప్పడంలో మా సలహాదారుగారిని మించినవాళ్లు ఉన్నారు. ఆయన నెల గడువు అడుగుతారు, వీళ్లు శతాబ్దం అడుగుతున్నారు.

నేను ఆగలేదు. అప్పట్లో అరవై డాలర్లకు అటూ ఇటూ పలికిన 35 రకాల్లో ఒకటి తెప్పించుకున్నాను. ఎనభై పిక్సెళ్లు తక్కువే. గీతలు లేవు, డబ్బా బొమ్మలు లేవు, కంపెనీవాడి సాఫ్ట్‌వేరే ఉంది. చూసి సలహాదారుగారు చాలా బాధపడ్డారు. కాంట్రాలో జలపాతం దాకా వచ్చాను. ప్రాణాలు పదకొండున్నాయి.