సవరణ: పర్షియన్ కూనకు తల్లి రిపోర్టు ఒక్కటే చాలదు

మొన్న ఇక్కడ బెంగళూరులో పర్షియన్ పిల్లికూనను కొన్న సంగతి రాస్తూ, తల్లికి పీకేడీ అనే కిడ్నీ జబ్బు పరీక్ష నెగటివ్ వస్తే చాలన్నాను. అది తప్పు. కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే ఈ జబ్బు జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. తండ్రికి ఉంటే ప్రతి కూనకూ సగం అవకాశం ఉన్నట్టే. రెండింటి డీఎన్ఏ రిపోర్టులూ చూడాలి. నా మాట నమ్మి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు దయచేసి ఇవాళే బ్రీడర్‌కు ఫోన్ చేసి తండ్రిపిల్లి రిపోర్టు అడగండి.

8 వారాలకే తెచ్చుకోవచ్చని కూడా రాశాను. 12 వారాలైనా తల్లి దగ్గర ఉండనివ్వండి. తొందరగా తల్లిని విడిచిన మా కూన ఇప్పటికీ పాలు తాగుతున్నట్టు నా చున్నీ అంచు చప్పరిస్తూ, ముందుకాళ్లతో పిసుకుతూ నిద్రపోతుంది. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.