లోపాలు రాయుము (4 మార్కులు)

జూనియర్ ఇంటర్ కెమిస్ట్రీలో పరమాణు నిర్మాణం అని ఒక పాఠం ఉంది, పరమాణువు లోపల ఏముందో ఎవరెలా ఊహించారో చెప్పేది. దాన్ని మన పిల్లలు చదివే తీరు ఎప్పుడైనా గమనించారా? థామ్సన్ నమూనా, లోపాలు. రూథర్‌ఫర్డ్ నమూనా, లోపాలు. బోర్ నమూనా, లోపాలు. శ్రీకాకుళంలో ఏళ్లుగా ట్యూషన్ చెప్తున్నాను, ఏ గుంటడిని లేపి అడిగినా లోపాలు గడగడా అప్పజెప్పేస్తాడు. "మరి ఇన్ని లోపాలున్న బోర్‌కి 1922లో నోబెల్ ఎందుకిచ్చారురా?" అంటే, "అది ఇంపార్టెంట్ కొశ్చన్ కాదు మాస్టారూ" అంటాడు. వాడిని ఏమనగలం? ప్రశ్నపత్రం అలా తయారుచేసింది వాడిని.

మొన్న దీని గురించి స్టేటస్ పెడితే ఒక పెద్దమనిషి, "పరమాణువు గురించి చెప్పడానికి డాల్టన్ ఏంటండీ, మన పాతకాలం తత్త్వవేత్త కణాదుడు ఎప్పుడో చెప్పాడు" అన్నారు. కణాదుడంటే నాకూ గౌరవమే. వస్తువును విభజిస్తూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాలన్నది గొప్ప తర్కం. కానీ ఇంగ్లండ్ శాస్త్రవేత్త డాల్టన్ చేతిలో తూకాలున్నాయి. ఒకే బరువు కార్బన్‌తో కలిసే ఆక్సిజన్ ఒక వాయువులో ఎంతుందో, ఇంకో వాయువులో సరిగ్గా దానికి రెట్టింపుంది. ఒకటిన్నర రెట్లో, ఒకటింబావు రెట్లో ఎందుకు కాలేదు? కణాలుగా లెక్కపెడితే తప్ప దానికి జవాబు లేదు. తర్కానికీ తూకానికీ మధ్య ఉన్న ఆ తేడా చెప్పకుండా ఫార్వర్డ్ మెసేజ్‌లు పంపితే కణాదుడికీ గౌరవం దక్కదు.

ఇక థామ్సన్. ధనావేశం గుజ్జులా, ఎలక్ట్రాన్లు గింజల్లా ఉంటాయన్నాడని పుచ్చకాయ బొమ్మ గీసి, నవ్వి, పేజీ తిప్పేస్తాం. 1897లో ఎలక్ట్రాన్‌ని పట్టుకున్న మనిషి ఆయన. 1904లో ఆ ఎలక్ట్రాన్లు వలయాలుగా ఎలా సర్దుకుంటే నిలకడగా ఉంటాయో లెక్కలు కట్టి, మూలకాల గుణాలు మళ్లీ మళ్లీ ఎందుకు తిరిగొస్తాయో చెప్పబోయాడు. పరమాణువులో వేల ఎలక్ట్రాన్లుంటాయని మొదట అనుకున్నదీ ఆయనే, 1906లో అంత లేవు, సుమారు పరమాణు భారమంతే ఉంటాయని తేల్చిందీ ఆయనే. ఎలక్ట్రాన్ల బరువు చాలా తక్కువ, మరి మిగతా బరువంతా ఎక్కడుంది? ఆ చిక్కుప్రశ్న ఆయన లెక్కల్లోంచే పుట్టింది. పాఠంలో ఈ సంగతి ఒక్క ముక్క ఉండదు.

1909లో మాంచెస్టర్‌లో గైగర్, ఇరవై ఏళ్ల కుర్రాడు మార్స్‌డెన్ చీకటిగదిలో కూర్చుని, మైక్రోస్కోప్‌లోంచి జింక్ సల్ఫైడ్ తెర మీద మెరుపులు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. ఒక్కో మెరుపూ ఒక ఆల్ఫా కణం, అంటే రేడియోధార్మిక పదార్థం నుంచి దూసుకొచ్చే ధనావేశ కణం. ప్లాటినం మీద పడ్డ ఆ కణాల్లో ఎనిమిది వేలకు ఒకటి చొప్పున వెనక్కి వచ్చింది. దాన్నించి రూథర్‌ఫర్డ్ 1911లో పరమాణువు మధ్యలో, దాదాపు బరువంతా ముద్దగా ఉన్న కేంద్రకం ఉందని తేల్చాడు. ఎంత చిన్నదంటే, పరమాణువు విజయనగరం కోటంత ఉందనుకుంటే కేంద్రకం ఆవగింజంత. అయితే అప్పటి భౌతికశాస్త్రం ప్రకారం దాని చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని వెదజల్లుతూ, సెకనులో పదివేల కోట్లవ వంతు కాలంలో కూలిపోవాలి. మన పిల్లలకు ఈ ఒక్క వాక్యమే వచ్చు. ఆ మెరుపులు లెక్కపెట్టిన కళ్ల సంగతి ఎవరూ చెప్పరు.

బోర్ దగ్గర నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. హైడ్రోజన్ వెలుగును రంగులుగా విడదీస్తే కనబడే వర్ణపటంలో గీతలు ఏ వరసలో వస్తాయో బామర్ అనే బడిపంతులు 1885లోనే సూత్రం కట్టాడు, ఎందుకలా అన్నది మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. 1913లో బోర్ ఎలక్ట్రాన్ ఆవేశం, దాని ద్రవ్యరాశి, శక్తి ఎంతెంత ముక్కలుగా వస్తుందో చెప్పే ప్లాంక్ స్థిరాంకం, ఈ మూడింటితో ఆ సూత్రంలోని స్థిరాంకాన్ని రాబట్టాడు. అంతటితో ఆగలేదు. ఒక నక్షత్రం వెలుగులో కనబడి, అందరూ హైడ్రోజన్‌వే అనుకున్న కొన్ని గీతలు ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హీలియంవి అన్నాడు. లండన్‌లో వర్ణపటాలు కొలిచే ఫౌలర్ ఒప్పుకోలేదు. "నీ లెక్క ప్రకారం హీలియం, హైడ్రోజన్ స్థిరాంకాల నిష్పత్తి సరిగ్గా 4 రావాలి, నా కొలతలో 4.0016 వస్తోంది" అన్నాడు. దానికి బోర్ సమాధానం: కేంద్రకం కదలదని సులువుకోసం అనుకున్నాను, నిజానికి ఎలక్ట్రాన్ తిరుగుతుంటే అదీ కాస్త కదులుతుంది. అది కలిపి మళ్లీ లెక్కేస్తే 4.00163!

నాలుగో దశాంశం దగ్గర జరిగిన ఈ కుస్తీ చెప్పి చూడండి, ఆఖరి బెంచీ వాడు కూడా ఫోన్ లోపల పెడతాడు. మామూలు హీలియం దగ్గర, అంటే రెండో ఎలక్ట్రాన్ రాగానే, బోర్ లెక్క చతికిలపడింది. 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక కక్ష్యలే పోయి, ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంత అన్నదే మిగిలింది. అయినా సైన్స్ ఫెయిర్‌లో ప్రతి బడి చార్టు మీదా ఎలక్ట్రాన్లు ఇప్పటికీ కక్ష్యల్లో గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

ఇదంతా మనకెందుకులే అనేవాళ్లకు ఒక మాట. రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్లతో ఆరు అణు రియాక్టర్లు పెడతామంటున్నారు. అణుకుంపటి వద్దనేవాళ్లున్నారు, కావాలనేవాళ్లున్నారు. ఆ కుంపటిని రాజేసేది 1932లో ఛాడ్విక్ కనిపెట్టిన న్యూట్రాన్, అంటే కేంద్రకంలో ఉండే ఆవేశం లేని కణం. ఆ ఛాడ్విక్ దగ్గరే లివర్‌పూల్‌లో పరిశోధన చేసొచ్చిన స్వామి జ్ఞానానంద మన పక్కనే ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం పెట్టారు. ఇంత దగ్గరి సంగతి మన జిల్లా పిల్లల్లో ఎంతమందికి తెలుసు? రేపు గ్రామసభలో లేచి అడగాల్సింది వాళ్లే కదా.

ప్రశ్నపత్రం తయారుచేసే పెద్దలారా, "లోపాలు రాయుము" పక్కన పెట్టి, "ఈ నమూనా ఏ కొలతకు జవాబు చెప్పింది, ఏ కొలత దగ్గర ఆగిపోయింది?" అని ఒక్క ఏడాది అడిగి చూడండి. సిలబస్ అవ్వదంటారా? లోపాల బట్టీ మానేస్తే మిగిలే పీరియడ్లు చాలు, కావాలంటే నేనొచ్చి చెప్తాను.