నేరం మేజోళ్లది కాదు

ఎండలు ముదిరినప్పటి నుంచి తిరుపతిలో చేతి ఫోన్లన్నిటికీ ఒక సందేశం చేరుతోంది. సాక్సులు చలిదేశాల అలవాటనీ, కాళ్ల కంపుకు అవే కారణమనీ, తప్పనప్పుడు అచ్చమైన నూలువే తొడగాలనీ, షుగరు ఉన్నవారు అసలే తొడగరాదనీ దాని సారాంశం.

మొదటి మాటలో పాక్షికంగా నిజం ఉంది. చెప్పులతో తిరిగేవారికి ఇక్కడ సాక్సులు అక్కరలేదు. కానీ రోజంతా బూట్లు విప్పని బడిపిల్లలకూ, కాపలా ఉద్యోగులకూ ఆ మాట వర్తించదు.

కంపు సంగతి వేరు. చెమటకు తనంతట తానుగా వాసన దాదాపు ఉండదు. చర్మం మీది సూక్ష్మజీవులు దానిని విరగగొట్టినప్పుడు పుట్టే ఐసోవలెరిక్ ఆమ్లం వంటివే ముక్కు మూయిస్తాయి. సాక్సు లేకపోతే ఆ చెమట బూటు లోపలి అట్టలోకి ఇంకుతుంది. సాక్సునైతే రోజూ ఉతికి, తిరగేసి ఆరవేయవచ్చు. బూటును రోజూ ఎవరు ఉతుకుతారు?

నూలు మీద అంత నమ్మకం ఎందుకో నాకు అర్థం కాదు. మామూలు గాలిలోనే పత్తి తన బరువులో 7, 8 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టరు అర శాతమైనా పట్టదు. కాబట్టి తడిసిన నూలు సాక్సు తొందరగా ఆరదు, దానిలో నానిన చర్మం రాపిడికి బొబ్బలెక్కుతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లలో సగానికి పైగా ఎక్కి, గాలిగోపురం దగ్గర కూలబడి సాక్సులు పిండుకునేవారిని చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పైగా అచ్చమైన నూలు సాక్సు పిక్క మీద నిలవదు, జారిపోతుంది. పట్టీలో సాగే దారం కలిపేది అందుకే, మడమ దగ్గర కాస్త నైలాను కలిపేది త్వరగా అరగకుండా.

చివరి సలహా మాత్రం ప్రమాదకరమైనది. మధుమేహం ముదిరి పాదాల స్పర్శ తగ్గినవారికి చెప్పు ఒరిసినా, రాయి గుచ్చుకున్నా తెలియదు. వారు మానుకోవలసింది సాక్సును కాదు, బిగుతు పట్టీని, వేళ్ల దగ్గర గరుకుగా తగిలే కుట్టును. లేత రంగువి తొడగమనడానికీ కారణం ఉంది. మా మామగారి అరికాలిలో దిగిన ముల్లు సంగతి మాకు తెలిపింది నొప్పి కాదు, సాయంత్రం విప్పిన తెల్ల సాక్సు మీద రూపాయి బిళ్లంత మరక.